ఎడమ దవడ మీది మొటిమలు

ఆ వీధిలో అందరూ ఆయన్ను తుడుపు మాస్టారు అంటారు. ఆయన బడిలో పాఠాలు చెప్పేవాడూ కాదు, బల్లలు తుడిచేవాడూ కాదు. ఫోటో స్టూడియో నడుపుతాడు. మీరు ఎలాంటి ముఖం పెట్టుకుని వెళ్లినా సరే, మొటిమలు, మచ్చలు, కళ్ల కింద నలుపు అన్నీ కంప్యూటర్‌లో తుడిచేసి, మీ సొంత తమ్ముడే "ఎవరీ దొరబాబు?" అని అడిగేలా చేసి చేతిలో పెడతాడు.

అలాంటివాడి కూతురికి ముఖం నిండా మొటిమలు. ఆ సాయంత్రం పదిహేడేళ్ల చిట్టి స్టూడియోలోకి వచ్చేసరికి బుగ్గలు కందగడ్డలా ఉన్నాయి.

"ఏమైందే?"

"అత్తయ్య నిమ్మకాయ రుద్దుకోమంది."

మాస్టారి అక్కగారి వైద్యాలు అలాగే ఉంటాయి. మొన్న టూత్‌పేస్టు, నిన్న వెల్లుల్లి, ఇవాళ నిమ్మకాయ. ఆవిడ చేతిలో పడితే మొటిమలు పోవడం అటుంచి, తోలు ఊడిరాకుండా ఉంటే అదే పదివేలు.

"రేపు కాలేజీ కార్డుకి ఫోటో ఇవ్వాలి. తీసి, బాగా తుడిచెయ్యి నాన్నా," అంటూ చిట్టి స్టూలు మీద కూలబడింది. గోడమీద వాళ్లమ్మ ఫోటో వైపు చూసింది. "నాకు అమ్మ పోలిక ఒక్కటీ రాలేదు. ఆ ముఖం చూడు, అద్దమే. నన్ను ఎక్కణ్ణుంచి తెచ్చారు నాన్నా?"

నవ్వుతూనే అంది గానీ ఆ ఫోటో మీంచి చూపు తిప్పలేదు. తల్లి పోయేనాటికి చిట్టికి ఇంకా మాటలే సరిగా రావు. అమ్మంటే దానికి తెలిసింది ఆ ఫోటోలే. ఆ ఫోటోలన్నీ ఆయన తుడిచినవే.

ఆవిడకు మొటిమలు ఏనాడూ పూర్తిగా తగ్గింది లేదు. ఫోటో తీసినప్పుడల్లా "తుడిస్తేనే ఇవాళ వంట" అని బెదిరించేది. ఆయన తుడిచేవాడు. తుడిచి పాతదాని మీదే సేవ్ చేసేవాడు. కొట్లో అందరి ఫోటోలకీ అదే అలవాటు. అసలుది దాచుకోవాలని తోచనే లేదు. రోజూ కళ్లెదుట తిరిగే ముఖమే కదా అనుకున్నాడు.

ఆవిడ పోయాక ఆయనకు ఆ ముఖమే కావాలనిపించింది, తుడవని ముఖం. ఎన్నోసార్లు కంప్యూటర్ ముందు కూర్చుని ఆ మొటిమల్ని మళ్లీ పెట్టబోయాడు. తీసేయడమే తప్ప పెట్టడం ఎరగని చెయ్యి అది. ఎన్నుండేవో, ఎక్కడెక్కడ ఉండేవో కూడా గుర్తుకు రాలేదు. ఎలా పెట్టినా చొక్కాకు గుండీలు కుట్టినట్టుండేవి. విసుగొచ్చి తీసేసేవాడు.

"ముందు ఆ మంట తగ్గనీ," అని పెరట్లోకి వెళ్లి కలబంద మట్ట ఒకటి కోసుకొచ్చాడు. చేతులు కడుక్కుని, గుజ్జు తీసి, అందులో చుక్క తేనె కలిపాడు. ఆవిడకి కలిపినట్టే. కొట్టు కట్టేశాక ఆవిడ ఈ స్టూలు మీదే, ఈ దీపం కిందే కూర్చునేది. "రుద్దకు, అద్దు" అనేది. రాశాక నోరు కదిపితే జారిపోతుందని కళ్లతోనే తిట్టేది. ఆ తిట్ల కోసమే ఆయన ముక్కు చివర కూడా ఇంత పూసేవాడు. అలా ఒక్కసారి తిట్టించుకోవాలని ఇప్పటికీ ఆయన ప్రాణం కొట్టుకుంటుంది.

చిట్టి బుగ్గలకు అద్దుతూ "చల్లగా ఉందా?" అన్నాడు.

చిట్టి కళ్లతోనే ఔనంది.

కడిగాక ఎరుపు కాస్త తగ్గింది. మొటిమలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఫోటో తీసి, తెరమీద ముఖం పెద్దది చేసి, అలవాటుగా ఎడమ దవడ దగ్గరికి మౌస్ తీసుకెళ్లిన మాస్టారు ఆగిపోయాడు. చెవి కింద నుంచి గడ్డం దాకా వంకరగా దిగిన వరుస. చివర ఒక్కటి మాత్రం అలిగినట్టు విడిగా ఉంది. ఆ వరుసను ఆ చెయ్యి ఎన్నిసార్లు తుడిచిందో. ఇన్నేళ్లూ ఎంత తన్నుకున్నా గుర్తురానిది ఇదే.

"ఏం చూస్తున్నావ్? తుడువు నాన్నా."

"ఉండమ్మా."

భార్య ఫోటో తెరిచాడు. కూతురి దవడ ముక్కను ఉన్నదున్నట్టు ఎత్తి తల్లి దవడ మీద పెట్టాడు. రంగు సరిచేశాడు. ఈసారి మాత్రం వేరే పేరుతో సేవ్ చేశాడు.

ఆవిడ వచ్చేసింది. గోడమీది అద్దం ముఖం మనిషి కాదు, వంట మానేస్తానని బెదిరించే మనిషి. మాస్టారికి కళ్లు నిండిపోయాయి. కర్చీఫ్ కోసం జేబులన్నీ తడుముకున్నాడు.

చిట్టి వెనకనుంచి వంగి చూసింది. "ఇదేంటి, నావి అమ్మకి పెట్టావు?"

"నీవి కావే, అమ్మవే. అచ్చం ఇలాగే ఉండేవి. తుడిచెయ్యమనేది, తుడిచేసేవాణ్ణి."

చిట్టి గోడవైపు చూసింది, తెరవైపు చూసింది. తర్వాత తన దవడ తడుముకుంది.

"నా కార్డుకి మిగతావన్నీ తుడువు. ఈ చివరిది మాత్రం ఉంచు," అంది. "నవ్వితే ఇదే నొప్పి పెడుతుంది. అమ్మకీ అంతేనా?"

"అబ్బా అని దవడ పట్టుకునేది. నవ్వించినందుకు నన్ను కొరకొరా చూసేది."

చిట్టికి నవ్వొచ్చింది. వెంటనే "అబ్బా" అని దవడ పట్టుకుని, తండ్రి వైపు కొరకొరా చూసింది.

"ఇంకాసేపు అలాగే చూడమ్మా," అన్నాడు మాస్టారు.