హైమ వదిలేసిన చీపురు

నేను ఒక కొండచీపురుని. పాడేరు వైపు కొండల మీద గడ్డిగా పుట్టాను. అక్కడి ఆడవాళ్ళు నన్ను కోసి, ఎండబెట్టి, దులిపి, కట్టగా బిగించి సంతకి మోసుకొచ్చారు. అనకాపల్లిలో నూకరత్నమ్మ వెనకవాటాలో అద్దెకి దిగిన హైమ నన్ను కొనుక్కుంది. ఈ మనుషుల తీరు నాకెప్పటికీ అంతుపట్టదు. నన్ను లక్ష్మీదేవి అంటారు, కాలు తగిలితే కళ్ళకద్దుకుంటారు, చుట్టాలొస్తే మాత్రం తలుపు వెనక్కి తోసేస్తారు. సర్లెండి, ఆ తలుపు వెనకే నేను హాయిగా బతికాను.

నూకరత్నమ్మ ముందువాటాలో ఒక్కతే ఉండేది. భర్త పోయాడు, పిల్లల్లేరు. నోరు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. కుళాయి కట్టలేదనో, మెట్ల మీద చెప్పులు విప్పారనో హైమ మీద అరవని రోజు లేదు. అరిచిన కాసేపటికే కూర గిన్నె పట్టుకుని వచ్చేది.

హైమ భర్త గిరికి గాజువాకలో పని దొరికింది. హడావిడిగా ఇల్లు ఖాళీ చేశారు. బండిలో పట్టనివన్నీ పెరట్లో పడేశారు. విరిగిన కుర్చీ, తుప్పుపట్టిన కూలరు, చిరిగిన పరుపు, ఆ పరుపు మీద నేను. "ఆదివారం వచ్చి పట్టుకుపోతాం పిన్నిగారూ" అంది హైమ. నేను నమ్మాను.

ఆదివారాలు వెళ్ళిపోతూనే ఉన్నాయి. వానకి పరుపు నాని కంపుకొట్టింది. నా కుచ్చు పుల్లపుల్లగా రాలిపోతోంది. నన్ను చేత్తో ముట్టుకునే దిక్కే లేకపోయింది. నూకరత్నమ్మ రోజూ పొద్దున్నే మా ముందు నిలబడి, ఫోన్ స్పీకర్లో పెట్టి తిట్లు అందుకునేది. "ఏటే హైమా, నా పెరడు చెత్తకుండీ అనుకున్నావేటే? ఎప్పుడొస్తావు? అవునూ, తిన్నావా? మీ ఆయనకి జ్వరం తగ్గిందా?" తిట్టుతో మొదలుపెట్టి తిండి దగ్గర ఆపేది.

ఒక జంట ఇల్లు చూడటానికి వచ్చారు. గదులు నచ్చాయి గానీ మమ్మల్ని చూసి ముక్కు మూసుకున్నారు. ఇదంతా తీయించేస్తే వెంటనే పాలు పొంగించుకుంటామన్నారు. ఎదురింటి పైడమ్మ, "పాత సామాన్లోడిని పిలిచీమంటావా వదినా?" అనడిగింది. "పరాయోళ్ళ వస్తువులు మనమెలా ఇచ్చేస్తామే? హైమ వచ్చి తీసుకెళ్తాదిలే" అని కసిరింది నూకరత్నమ్మ. ఆ జంట మళ్ళీ రాలేదు. అప్పుడు తెలిసింది నాకు. మేం అక్కడ పడున్నంతకాలం హైమ ఒక్కసారైనా రాక తప్పదని ఈవిడ ఆశ. నాదీ అదే ఆశ.

చివరికి ఒక ఆదివారం వస్తున్నామని కబురందింది. ఆవిడ పొద్దున్నే పాకం గారెలు వండి, మంచి చీర కట్టుకుని అరుగు మీద కూర్చుంది. ట్రాలీ ఆటోలోంచి గిరి ఒక్కడే దిగాడు. "హైమకి కుదర్లేదండీ" అన్నాడు. కుర్చీ, కూలరు, పరుపు చకచకా ఎక్కించాడు. నన్ను చేతిలోకి తీసుకుని, ఒకసారి చూసి, గోడవారకి విసిరేశాడు. నా ప్రాణం ఉసూరుమంది. ఆవిడ గారెలు స్టీలు డబ్బాలో పెట్టి తెచ్చింది. "డబ్బా మళ్ళీ తెచ్చివ్వడం ఇబ్బందండీ, కవర్లో వేసేయండి" అన్నాడు గిరి.

ఆటో వెళ్ళిపోయింది. నూకరత్నమ్మ బోసిపోయిన పెరట్లోకి వచ్చింది. అంతలో గోడవార నేను కనబడ్డాను. ఆవిడ మొహం విప్పారింది. గబగబా ఫోన్ చేసింది.

"ఏమే హైమా, నీ చీపురు ఇక్కడే ఉండిపోయిందే! ఎప్పుడొస్తావు?"

"పాత చీపురు కొత్తింటికి తీసుకెళ్ళకూడదు కదా పిన్నిగారూ, పారేయండి" అని హైమ ఫోన్ పెట్టేసింది.

ఆ మాట హైమకి నేర్పింది నూకరత్నమ్మే. ఈ ఇంట్లో దిగిన రోజున వాకిట్లో నిలబెట్టి, అరిచి మరీ నేర్పిందట.

ఆవిడ నన్ను ఒక చేత్తో పట్టుకుని, కట్టయిపోయిన ఫోన్ చెవికి ఆనించుకుని, "సర్లే, నీకు కుదిరినప్పుడే రా" అంది.