పెద్దరోడ్డు మీద బొత్తాలక్క

కుట్టు ఫ్యాక్టరీలో ఆమెను అందరూ బొత్తాలక్క అనేవాళ్లు. చొక్కాలకు బొత్తాలు కుట్టడం ఆమె పని. నాలుగేళ్ల కిందట డ్రైవింగ్ ఉచితంగా నేర్పుతున్నారంటే వెళ్లి నేర్చుకుంది. మొదటిసారికే పరీక్ష గట్టెక్కింది. ఆ తర్వాత స్టీరింగు ముట్టుకుంటే ఒట్టు. ఇంట్లో కారు ఉందన్న మాటే గానీ తాళంచెవి మొగుడి జేబులోంచి బయటికొచ్చేది కాదు. ఎప్పుడడిగినా, అంత అర్జెంటుగా నువ్వు ఎక్కడికెళ్లాలని అనేవాడు.

ఆ రోజు పొద్దున పదిమంది ఆడవాళ్లతో ఫ్యాక్టరీ వ్యాను పెద్దరోడ్డెక్కింది. కాసేపటికే పక్కకు ఒరుగుతూ ఒరుగుతూ మట్టిలోకి దిగి ఆగిపోయింది. డ్రైవర్ బాబాయి స్టీరింగు మీదికి వాలిపోయాడు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. ఎడమచెయ్యి లేవడం లేదు.

ఫోన్ చేస్తే, అంబులెన్సు రావడానికి ముప్పావుగంట పడుతుందన్నారు. చెయ్యెత్తితే ఒక్క బండీ ఆగలేదు. ఆసుపత్రి ఇరవై నిమిషాల దారి.

"నీకు లైసెన్సుంది కదే," అంది కాజాలు కుట్టే వదిన.

బొత్తాలక్క వెనక్కి జరిగింది. తను నడిపింది చిన్న కారు, అదీ ఖాళీ మైదానంలో. ఇంతమంది ప్రాణాలకు ఎవరు పూచీ అంది. వదిన బాబాయి చంకల కింద చేతులు వేసి వెనక సీట్లోకి లాగడం మొదలుపెట్టింది.

బొత్తాలక్క ముందుకెళ్లి కూర్చుంది. క్లచ్చి అందకపోతే వీపు వెనక ఎవరో సంచీ దోపారు. ఇంజను రెండుసార్లు ఆగిపోయింది.

"మెల్లిగా వదులమ్మా..." వెనకనుంచి బాబాయి గొంతు, వినీ వినపడనట్టు.

వ్యాను కప్పలా ఒక్క గెంతు గెంతి కదిలింది. వంతెన మీద ఎదురుగా లారీ వచ్చింది. వెనక్కి తగ్గే చోటు లేదు. ఆమె పళ్లు బిగించి అంచుకు పోనిచ్చింది. పక్కద్దం టప్పున విరిగింది. బండి మాత్రం ఆగలేదు.

ఆసుపత్రిలో బాబాయిని లోపలికి తీసుకెళ్లాక కూడా ఆమె వేళ్లు స్టీరింగు వదల్లేదు. వదినే ఒక్కొక్కటీ విప్పింది.

గంటకు డాక్టరు వచ్చి గండం గడిచిందని, ఇంట్లోవాళ్లు వచ్చి సంతకం పెట్టాలని చెప్పాడు. బాబాయి ఇంట్లో ఉన్నది ఆయన భార్య, పిన్ని ఒక్కతే. ఫోనెత్తడం లేదు.

ఈసారి ఎవరూ అడగలేదు. బొత్తాలక్క తనే లేచింది.

ఖాళీ వ్యాను మరీ పెద్దగా అనిపించింది. అదే వంతెన, అదే భయం. పిన్ని వాకిట్లో బట్టలారేస్తోంది. విషయం విన్నాక కొంగు నోటికడ్డం పెట్టుకుని వ్యాను వైపు పరుగెత్తింది. తలుపు దగ్గరికొచ్చి, డ్రైవరు సీటు ఖాళీగా ఉండడం చూసి ఆగింది.

"ఎవరు నడుపుతారమ్మా?"

"నేనే పిన్నీ. ఎక్కు."

పిన్ని ఆమెను ఒక్కసారి ఎగాదిగా చూసి, ఎక్కి ముందు సీట్లోనే కూర్చుంది.