మూత ఎందుకు వంకరపోతుంది

రాజ్యం నాచారంలో సీసా మూతలు చేసే ఓ చిన్న ప్లాస్టిక్ కంపెనీలో 2008 నాటికి పదకొండేళ్లుగా పనిచేస్తోంది. ఆ ఏడాది, ముప్పై అయిదేళ్ల వయసులో, ఓపెన్ స్కూల్ పదో తరగతి పరీక్షకు కట్టింది. ఆదివారం మధ్యాహ్నాలు ఉప్పల్‌లో, చర్చి వెనక గదిలో గ్రేస్ టీచర్ పాఠం చెప్పేది.

లెక్కలంటే రాజ్యానికి భయం లేదు. వ్యాసమంటేనే చేతులాడేవి కావు. "మీకు తెలిసిన పనిని వివరించండి" అని టీచర్ ఇస్తే, గైడు వెతికి "నేటి ఆధునిక యుగంలో ప్లాస్టిక్ మానవ జీవితంలో విడదీయరాని భాగమైపోయినది" అని మొదలుపెట్టి రెండు పేజీలు నింపుకొచ్చింది.

గ్రేస్ చదివి నవ్వలేదు. "మస్తు రాసినవ్ రాజ్యమ్మా. కానీ మూత ఎట్ల తయారైతదో నాకు ఇప్పటికీ తెల్వదు."

మరుసటి వారం రాజ్యం సొంత మాటల్లో రాసింది. మిషన్ వేడి, సూపర్‌వైజర్ సాంబయ్య అరుపులు, మధ్యాహ్నం షిఫ్టులో మూతలు వంకరపోతే తననే తిట్టడం, అన్నీ పెట్టింది. గ్రేస్ రెండుసార్లు చదివింది.

"నీ బాధ తెలిసింది. దీన్ని పారెయ్యకు, దాచిపెట్టు. కానీ గిది వివరణ కాదు. మిషన్ మొఖం సూడనోళ్లకు కూడ పని కండ్ల ముందర కనబడాలె. ముందుగాల దేని గురించి చెప్తున్నవో ఒక్క మాటల చెప్పు. తర్వాత ఏది ముందు జరిగితే అది ముందు రాయి. ఒక్కో పేరాల ఒక్కటే సంగతి. ప్రతి దానికి ఎందుకు అని నిన్ను నువ్వే అడుగు."

ఆ 'ఎందుకు' దగ్గరే రాజ్యం ఆగిపోయింది. ప్లాస్టిక్ గింజలు కరిగి అచ్చులోకి పోతాయి, చల్లబడ్డాక అచ్చు తెరుచుకుంటుంది. ఎలా చల్లబడుతుంది? పదకొండేళ్లలో ఎన్నడూ అడగలేదు. సోమవారం మెకానిక్ మురళీధర్‌ను అడిగింది.

"అచ్చు లోపల నీళ్లు తిరుగుతయక్కా. పైన ట్యాంకి లేదా, దాంట్లకెల్లే వస్తయ్."

అదే రాసుకుంది. నీళ్లు చల్లగా లేకపోతే మూత మెత్తగానే బయటికొస్తుంది అని రాస్తూ కలం ఆపింది. ట్యాంకు నల్లది, పైకప్పు రేకుల మీద ఎండలో ఉంది. వంకరవన్నీ మధ్యాహ్నమే వస్తాయి!

మర్నాడు రెండింటికి మురళీధర్‌ను పైకి తీసుకెళ్లింది. అతను ట్యాంకులో చెయ్యి పెట్టి చటుక్కున తీశాడు. "స్నానానికి కాగబెట్టినట్టున్నయ్ గదక్కా!"

సాంబయ్య మొదట నమ్మలేదు. రాజ్యం గొంతు పెంచకుండా కాగితం తీసి వరుసగా చదివింది. అడ్డు తగలడానికి అతనికి ఎక్కడా సందు దొరకలేదు. ట్యాంకు మీద పందిరి వేసి, చుట్టూ తడి గోనెసంచులు కట్టారు. వారం తిరిగేసరికి వంకర మూతలు సగానికి తగ్గాయి. కొత్తవాళ్ల కోసం ఆ కాగితాన్ని గోడకు అతికించాలి, శుభ్రంగా రాసిమ్మని సాంబయ్యే అడిగాడు.

ఆ కాగితం ముందు చదివింది కొత్తగా చేరిన రోజీ. "అక్కా, అచ్చు అంటే ఏంది?"

రాజ్యం ఒక్క క్షణం చిన్నబోయింది. నిజమే, ఆ మాట ఎక్కడా విప్పి చెప్పలేదు. కాగితం ఊడదీసి, అట్టపెట్టె మీద కూర్చుని, ఒక వాక్యం చేర్చింది.

"ఇప్పుడు సదువు."

రోజీ పెదవులు కదుపుతూ మొదటి నుంచి చదవసాగింది. రాజ్యం ఆమె మొహం కేసే చూస్తూ నిలబడింది.