కత్తెర బాబాయి పన్నెండు మాటలు

కత్తెర బాబాయి నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి మనిషికి కోడలు ఒక రహస్యం అప్పగించింది, పాపం, వేరే దారి లేక.

ఆయన క్షౌరశాలలో కుర్చీ కాలు విరిగి, ఇటుకల మీద నిలబడి ఏడాదైంది. కొత్త తిరుగుడు కుర్చీ కోసం దాచుకున్న డబ్బంతా పెట్టి బాబాయి, పక్క కొట్టువాణ్ణి చూసి, డిజిటల్ నాణేలు కొనేశాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే ఉంది వ్యవహారం. కోడలు ఆయన ఫోనులో వాలెట్ పెట్టి ఓపిగ్గా చెప్పింది. నాణేలు ఫోనులో ఉండవు, ఉండేది వాటి తాళంచెవి. ఫోను పోయినా వాలెట్ ఇచ్చిన ఈ పన్నెండు మాటలూ వరసగా కొడితే మళ్లీ తెరుచుకుంటుంది. కాగితం మీద రాసి దాచమంది, ఎవరికీ చెప్పొద్దంది.

కాగితం ఎలుకలు కొడతాయి, బుర్రలో ఉన్నది ఎక్కడికి పోతుందని బాబాయి వాదన. బట్టీ పట్టడానికి ఆయనకు తెలిసిన పద్ధతి ఒకటే, కత్తెర రెండుసార్లు ఆడితే ఒక మాట. "అంబ్రెల్లా, టొమాటో, టైగర్..." అని గొణుగుతూ నెల రోజులు జుట్టు కత్తిరించాడు. గొణుగుడని ఆయన అనుకున్నాడు గానీ, వీధి మలుపుదాకా వినబడేది.

ఒకనాడు వంగి తువ్వాలు పిండుతుంటే, జేబులో ఫోను జారి నీళ్ల బకెట్లో పడింది. కోడలు కొత్త ఫోను తెచ్చి, మాటలు చెప్పమంది. బాబాయి కత్తెర గాల్లో ఆడించాడు. నాలుగు మాటలు వచ్చాయి. ఐదోది రాలేదు. మళ్లీ మొదలెట్టినా అక్కడే ఆగింది. కాగితం ఏదని కోడలు అడిగితే నేల చూపులు చూశాడు. కళ్లముందే కుర్చీ నీళ్లపాలైంది.

అప్పుడు ఇటుకల కుర్చీలో సగం గడ్డం నురగతో కూర్చున్న పోస్టుమాన్ అన్నాడు: "ఐదోది స్పూన్ కదా బాబాయ్?"

కోడలు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. కబురు వెళ్లగానే క్షౌరశాల ఖాతాదారులంతా వచ్చిపడ్డారు. బట్టతల ప్లీడరుగారికి మొదటి రెండే తెలుసు, ఆయన క్షవరం అంతలోనే అయిపోయేది. ఒత్తు జుట్టు డ్రిల్లు మాస్టారు తొమ్మిదిదాకా లాక్కొచ్చారు. మిగిలిన మూడూ భుజాలదాకా జుట్టున్న గిటారు మాస్టారు చెప్పాడు. ఆయన అప్పటికే వాటికి బాణీ కూడా కట్టుకున్నాడు.

వాలెట్ తెరుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు, కోడలు తప్ప.

"మామయ్యా, మీ బీరువా తాళంచెవి ఇప్పుడు వీధి వీధంతా ఉంది," అని వెంటనే కొత్త వాలెట్ తెరిచింది. దాని చిరునామాలో మొదటి అక్షరాలూ చివరి అక్షరాలూ సరిచూసుకుంది. తప్పు చిరునామాకు పోతే వెనక్కి రప్పించే నాథుడు లేడు మరి. ముందు చిటికెడు పంపి, అది చేరాకే మిగతాది పంపింది. కొత్త పన్నెండు మాటలనూ బాబాయి భార్య, వీధికంతటికీ పిన్ని, గుండ్రటి అక్షరాలతో కాగితం మీద రాసి ఎక్కడో దాచింది.

కనీసం మొదటి మాటైనా చెప్పమని బాబాయి రెండు రోజులు బతిమాలాడు. మూడోనాడు ఆవిడకు జాలేసింది.

"ఆ పాతవే చెప్పుకోండి. ఖాళీ డబ్బా తాళం ఎవరి దగ్గరుంటే మనకేంటి?"

బాబాయికి ప్రాణం లేచొచ్చింది. నెల తిరిగేసరికి, నాణేలు అమ్మిన డబ్బుతో కుర్చీ కూడా వచ్చింది. అందులో ఎవరో కొత్త మనిషి కూర్చుని, మెడ చుట్టూ కప్పిన బట్ట కింద ఫోను దాచుకుని, ఆయన చెప్పే ప్రతి మాటా గుట్టుగా నొక్కుకుంటున్నాడు. అద్దంలో అది చూసిన బాబాయి, తప్పుల్లేకుండా రాసుకుంటాడని, కత్తెర కాస్త నెమ్మదిగా ఆడించాడు.

ఆ పెద్దమనిషి చిల్లర కూడా తీసుకోకుండా పరుగెత్తాడు.