బ్రహ్మం పేరున నడక

"కుట్లు తెగితే ఎట్టరా అయ్యా? మళ్ళీ కోత కోస్తే నువ్వు తట్టుకోలేవు, పడుకో," అన్నాను. అప్పటికి బ్రహ్మం మంచం దిగనే లేదు. కాళ్ళు కింద పెట్టబోతున్నాడంతే. నా మాట విని మళ్ళీ గోడవైపు తిరిగాడు.

నా కొడుకు దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీకి రాయి తోలే లారీ డ్రైవరు. పెద్దపేగులో కేన్సరని గుంటూరులో ఆపరేషన్ చేసి, పేగు కొసని పొట్ట మీదికి తెచ్చి సంచి తగిలించారు. దొడ్డికి అందులోకే. ఇంటికొచ్చిన కాడినుంచీ వాడు మాటాడటం మానేశాడు. ముందు ఎట్టాంటోడు! బజారు మలుపులో ఉండగానే వాడి గొంతు ఇంట్లోకి వినపడేది.

పంపేటప్పుడు చేతికొక నల్లటి పట్టీ కట్టారు, వాచీ లాంటిది. ఎంత నడిచాడో అది ఫోనుకి చెబుద్ది, ఫోను ఆసుపత్రికి చెబుద్ది. నడవకపోతే కాళ్ళల్లో రక్తం గడ్డకట్టుద్దని జాహ్నవి అనే నర్సమ్మ చెప్పింది. నడిస్తే ఒక భయం, నడవకపోతే ఒక భయం. నాకు అన్నం సయించట్లా, నిద్ర పట్టట్లా.

మా ఇళ్ళల్లో మనిషి మంచాన పడితే వాడి పేరున ఇంకొకరు ప్రదక్షిణలు చేస్తారు. మా నాయనకి జబ్బు చేసినప్పుడు నేనే చేశా. పట్టీ కూడా అంతే అనుకున్నా. ఎవరు నడిస్తే ఏంది, పడేది వాడి ఖాతాలోనేగా! వాడు కునుకు తీసేటప్పుడు మెల్లిగా విప్పి నా చేతికి కట్టుకుని ఆంజనేయస్వామి గుడి చుట్టూ తిరిగొచ్చేదాన్ని. మోకాళ్ళు పీకి, మెట్ల మీద కూలబడి, మళ్ళీ లేచి తిరిగేదాన్ని.

"ఏంది అత్తా, మీ అబ్బాయి పడుకునే ఊరంతా తిరిగొస్తున్నాడే," అంది కోడలు శ్రీదుర్గ, ఫోను చూసి.

"మిషన్లు గదమ్మాయ్, ఏదో ఒకటి చూపిస్తయ్," అని పొయ్యి కాడికి పోయా.

నిన్న నర్సమ్మ ఫోన్ చేసింది. దుర్గ స్పీకర్ పెట్టి ఫోను మంచం మీద ఉంచింది.

"బ్రహ్మం గారూ, బాగా నడుస్తున్నారండీ. ఒంట్లో బలం వచ్చినట్టే. సోమవారం కీమో మొదలుపెడదామంటున్నారు డాక్టరు గారు."

ఆ మందు ఎక్కించుకుని గోడ పట్టుకుని నిలబడలేనోళ్ళని ఆసుపత్రి వరండాలో చానామందిని చూశా. మంచం దిగని ఒంట్లోకి అది పోతే నా బిడ్డ నాకు మిగులుతాడా?

"వద్దమ్మా!" అని అరిచా. "ఆ నడక వాడిది గాదు. వాడి పేరున నేను నడిచా."

దుర్గ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలా. నర్సమ్మ తిడుద్దనుకున్నా.

"మీ కాళ్ళు గట్టివే పెద్దమ్మా," అంది ఆ పిల్ల. "మాకు తెలియాల్సింది ఆయన సంగతి. మెల్లిగా నడిస్తే కుట్లు తెగవు. ఇక్కడ వార్డులో మేమే నడిపించాం. బ్రహ్మం గారూ, ఎందుకు నడవట్లేదు?"

నర్సమ్మ ఫోను పెట్టెయ్యలా. బయట లారీ ఒకటి వచ్చి, బజారంతా దుమ్ము లేపి పోయింది. వాడి బదులు నేను చెప్పబోతే దుర్గ నా చెయ్యి పట్టి ఆపింది.

"సంచి ఊడుద్దేమోనని మేడం," అన్నాడు వాడు, గోడవైపే చూస్తా. "మా డ్రైవర్ల ముందర ఊడితే ఇంక నేను తలెత్తుకోలేను. అది ఊడకుండా ఎట్టా అంటించుకోవాలో చెప్పండి. నడుస్తా."