బిడ్డ మీద ఒట్టు

"జర మన్ను ఎక్కువ రాయే. గట్ల మెరుస్తుంటె ఎవడు నమ్ముతడు?" అన్నాడు భిక్షపతి, మంచం మీద నుంచి కదలకుండానే.

యాదలక్ష్మి రాసింది. ఎల్బీ నగర్‌లో వాళ్లుండే కిరాయి ఇంటి వరండాలో బత్తాయిల ట్రేలు ముందేసుకుని, బకెట్లో కలిపిన ఎర్రమట్టి నీళ్లలో గుడ్డ ముంచి, ఒక్కో కాయకూ పూసి పక్కన పెడుతోంది. పొద్దున బాటసింగారం పండ్ల మార్కెట్లో కొన్నప్పుడు ఈ కాయలు తళతళలాడాయి. రేపు ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో, కాలనీ పార్కు పక్కన జరిగే ఆర్గానిక్ సంతలో ఇవే "మా తోట కాయలు" కావాలి. కావాలంటే మెరుపు పోవాలి. లోకంలో ఆడవాళ్లంతా తోమి తోమి మెరిపిస్తుంటే తనకు మాత్రం మెరుపును చంపే పని పడింది. జీతం దగ్గర మాత్రం తేడా లేదు, దానికీ లేదు, దీనికీ లేదు.

తోట లేక కాదు. నల్లగొండ వైపు వాళ్ల ఊళ్లో రెండెకరాల బత్తాయి తోట ఉంది. దానికి మందు చుక్క తగలనివ్వలేదు. పేడ, ఆవు మూత్రం, బెల్లం డ్రముల్లో కలిపి తిప్పింది తనే, చెట్టు చెట్టుకూ మోసి పోసింది తనే. ఆ వాసన చేతులకు పట్టి అన్నం ముద్ద నోటి దాకా రాని రోజులున్నాయి. అయినా సంతలో మొదట్లో ఎవరూ నమ్మలేదు. సర్టిఫికెట్ ఉందా అని అడిగేవాళ్లు. ఆ కాగితానికి ఫీజులు, తనిఖీలు, ఆఫీసుల చుట్టూ తిరగడాలు, రెండెకరాల వాళ్లకు అయ్యే పనేనా? భిక్షపతి ఒక్క మాటలో తేల్చేశాడు. "కాగితమెందుకే? నీ మొఖం లేదా? అబద్ధమాడేదాని లెక్క కనపడవు." పెళ్లయినప్పటి నుంచీ ఆ మొహం గురించి అతనన్న మంచి మాట అదొక్కటే. ఆ రోజు ఆమె సిగ్గుపడింది, మురిసిపోయింది కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ మురిపానికే సిగ్గేస్తుంది. అట్లా ఆమె మొహం దుకాణానికి బోర్డయింది. డబ్బులు పడే స్కానర్ మాత్రం అతని పేరు మీదే ఉంది.

ఒట్టు మొదలుపెట్టింది అమ్మాజీ. కోస్తా నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడిన పెద్దావిడ. "కాగితాలు నాకెందుకమ్మా, డబ్బు పారేస్తే బోలెడు పుడతాయి. నీ పిల్లల మీద ఒట్టేసి చెప్పు, చాలు" అంది. పక్కన కాయలు తూస్తున్న కూతురు మౌనిక తల మీద చెయ్యి పెట్టి, "పిల్లల మీద ఒట్టు" అంది యాదలక్ష్మి. అప్పుడది నిజం, అందుకే బరువనిపించలేదు. ఆమెను చూసి మిగతావాళ్లూ అడగడం మొదలుపెట్టారు.

ఈ ఎండాకాలం బోరు ఎండిపోయింది, పిందె రాలింది. "ఒక్క వారం పోకుంటె గిరాకి ఇంకొకల తానకు పోతది" అంటూ భిక్షపతి బాటసింగారం దారి పట్టాడు. ఆ ఆదివారం అమ్మాజీ ఎప్పటిలాగే అడిగింది. భిక్షపతి దగ్గాడు. యాదలక్ష్మి ఒట్టేసింది. చెయ్యి వణకలేదు. వణకనందుకే ఆమెకు భయమేసింది.

తిరిగొస్తుంటే ట్రాలీ ఆటోలో అత్త పెంటమ్మ అందుకుంది. "పిల్లల మీద అంటవేందే, సోయి లేకుంట? ఇంట్ల మొగపిల్లగాడున్నడు. ఒట్టు పెడితె పిల్ల మీద పెట్టు."

"అవ్," అన్నాడు భిక్షపతి. "మౌనిక పేరు చెప్పు, సరిపోతది."

తొమ్మిదో తరగతి చదివే చిన్నోణ్ణి ఎండకు కమిలిపోతాడని నానమ్మ సంతకే రానివ్వదు. ఇంటర్ చదివే మౌనిక వెనక ఖాళీ ట్రేల మధ్య కూర్చుని అంతా వింది. తనే ఏదో ఒకటి అంటానని యాదలక్ష్మి ఎదురుచూసింది. అనలేదు. సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. ఇంటికి పోయి ఏం కూర వండాలా అని ఆలోచించింది. మరుసటి ఆదివారం ఎవరూ గుర్తుచేయకుండానే ఆమె నోటి నుంచి వచ్చింది, "నా బిడ్డ మీద ఒట్టు." వాళ్లు అన్నారు సరే, తీరా పెట్టింది తన చెయ్యి. ఆ చేతిని ఆమె క్షమించలేకపోతోంది.

పోయిన వారం సంత ముగిశాక కింద పరిచిన పట్టా మడతపెడుతూ మౌనిక నవ్వింది. "ఇయ్యాల నన్ను ఎన్నిసార్లు చంపినవమ్మా?"

నవ్వుతూనే అంది పిల్ల. అప్పటి నుంచి జడ వేయడానికి కూర్చుంటే యాదలక్ష్మి చెయ్యి ఆ పాపిట దగ్గర ఆగిపోతోంది. పాపం చేస్తున్నానని తెలుసు. తెలిసీ మళ్లీ శనివారం వస్తే బకెట్లో మట్టి కలుపుతోంది.

ఆదివారం అమ్మాజీ తన కోడలు మృదులను వెంటబెట్టుకొచ్చింది. ఆ పిల్లకు ఆరో నెల కడుపు. "ఏం తిన్నా ఇమడట్లేదు లక్ష్మీ. నీ బత్తాయి రసం ఒక్కటే నిలుస్తోంది," అంటూ కాయలు ఏరుకుంది. ఒట్టు అడగలేదు. "ఇన్నాళ్లయ్యాక ఇంకా ఒట్లేంటి? నువ్వు మా ఇంటి మనిషివి" అంది. ఇవ్వాళ బిడ్డ తల ముట్టక్కర్లేదని యాదలక్ష్మి గుండె తేలికపడింది. ఆ తేలికే మళ్లీ ముల్లయి గుచ్చుకుంది.

అంతలో కొత్తగా వచ్చిన ఒకావిడ కాయ చేతిలో తిప్పి చూసింది. "నిజంగ మందులెయ్యలేదా? గ్యారంటీ ఏంది?"

యాదలక్ష్మి నోరు తెరిచేలోపే అమ్మాజీ అందుకుంది. "గ్యారంటీ నాదండీ. ఈవిడ నోట అబద్ధం రాదు. కావాలంటే చూడండి..." కోడలి కడుపు మీద అరచెయ్యి ఆనించింది. "ఈ కడుపులో బిడ్డ మీద..."

ఎప్పుడు లేచిందో యాదలక్ష్మికే తెలియదు. కాయలు తూచే తరాజు మీదుగా వంగి ఆ మణికట్టు పట్టుకుంది.

"వద్దమ్మా. ఎయ్యకు."

"ఏమైందే?" అన్నాడు భిక్షపతి.

ఆమె సీసాలో నీళ్లు కొంగు మీద పోసుకుని, ఒక బత్తాయి తీసి తుడిచింది. మట్టి పోయింది, కాయ మెరిసింది. ఇంకోటి తుడిచింది. అదీ మెరిసింది. అమ్మాజీ కాయల వంకా, ఆమె మొహం వంకా మార్చి మార్చి చూసింది.

"ఏంటిది లక్ష్మీ?"

"ఒట్టేసి చెప్తున్న," అంది యాదలక్ష్మి.

పక్కనే ఉన్న మౌనిక, అలవాటు కొద్దీ, తల కాస్త వంచింది. అమ్మ చెయ్యి అటు రాలేదు.

"నా కొడుకు మీద ఒట్టమ్మా. గివి మా తోటయి కావు."