ఎనిమిది నిమిషాల ఫోటో

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే, అన్నయ్యకి మరీను.

అన్నయ్య పాతసామాన్ల కొట్లో ఓ ప్లాస్టిక్ కెమెరా కొన్నాడు. రీలు వేసేది. డ్యూటీ లేని రాత్రుళ్ళు దాన్ని ఇటుకకి టేపుతో బిగించి ఖాళీ వీధుల్ని ఫోటో తీసేవాడు. చీకటి కదా, ఒక్కో ఫోటోకి బొత్తం నిమిషాల తరబడి నొక్కి పట్టుకోవాలి. వేలు తీస్తే అయిపోయినట్టే. ఎదురుగా నడిచి వెళ్ళిన మనుషులు అందులో పడరు, కదలకుండా నిలబడ్డవాళ్ళే పడతారు. "పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టండి" అనేదాన్ని. నవ్వేవాడు.

ఓ రాత్రి నన్ను తోడు రమ్మన్నాడు. గోడౌను గోడ దగ్గర దీపం వెలుగుతోంది.

"ఎప్పుడూ తీసేది నేనే. ఈసారి నేను నిలబడతా, నువ్వు నొక్కు. ఎనిమిది నిమిషాలు. వేలు తియ్యకే తల్లీ!" అని వెళ్ళి ఆ గోడ ముందు కొయ్యలా నిలబడ్డాడు.

నాలుగు నిమిషాలు కాగానే నా నోరు ఊరుకోలేదు. "చలికి చస్తున్నానిక్కడ! నీకేం, స్వెట్టరేసుకుని దర్జాగా నిలబడ్డావు!" అని అరిచాను.

అన్నయ్య వచ్చి, స్వెట్టరు విప్పి నా భుజాల మీద కప్పాడు. "గొణుగుడు ఆపు. వేలు మాత్రం తియ్యకు. మళ్ళీ సరిగ్గా అదే చోట నిలబడలేను గానీ, గోడన్నా పడనీ. నన్ను ఇంకోసారి తీద్దువులే" అని, మిగతా నాలుగు నిమిషాలూ నా పక్కనే చేతులు రుద్దుకుంటూ కూర్చున్నాడు.

పదిహేను రోజులకి లారీ గుద్ది పోయాడు.

గోడకి తగిలించడానికి ఫోటో లేదు. ఉద్యోగం కార్డు మీద ఉన్నదాంట్లో సగం మొహం ఆఫీసు ముద్ర కిందే పోయింది. "రీల్లో వాడున్నాడన్నావు కదే, కడిగించు" అని అమ్మ రోజూ నా ప్రాణం తీసింది. కడిగించి తెచ్చాను.

గోడ చక్కగా పడింది. అన్నయ్యే పొగలా పలచగా ఉన్నాడు. ఛాతీలోంచి ఇటుకలు కనిపిస్తున్నాయి, లెక్కపెట్టొచ్చు.

అమ్మ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. "ఇదేంటే, వీడిలోంచి గోడ కనిపిస్తోంది?"

"సగంసేపే నిలబడ్డాడమ్మా. నేను చలేస్తోందని అరిస్తే స్వెట్టరు ఇవ్వడానికి వచ్చేశాడు."

అమ్మ ఫోటోలో ఆ ఇటుకల్ని వేలితో తడిమింది.

"ఇంకో నాలుగు నిమిషాలు నోరు మూసుకోలేకపోయావా?"

తిట్టినట్టు కూడా అనలేదు, మామూలుగా అడిగింది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ స్వెట్టరు అప్పుడూ నా ఒంటి మీదే ఉంది. విప్పి అమ్మ ఒళ్ళో పెట్టాను.